కంప్యూటర్ చెప్పిన అంకె, రక్తంలో కొలిచిన అంకె: భద్రాచలం ఏజెన్సీలో రెండు మ్యుటేషన్ల సంగతి

ఈ ఎపిసోడ్‌లో సైన్స్ కొంచెం ఎక్కువే ఉంటుంది, కానీ విషయం మాత్రం మన ఏరియాదే. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి మొదలవుతుంది గదా. అక్కడి నుంచి అటు ఛత్తీస్‌గఢ్ బోర్డర్ దాకా, ఇటు 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరం మండలాల దాకా ఉన్న ఏజెన్సీ ఊళ్లలో సికిల్ సెల్ అనే మాట ఈ మధ్య అందరికీ తెలిసింది. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి టెస్టులు చేయాలన్నది ప్లాన్. తెలంగాణ, ఆంధ్ర రెండూ అందులో ఉన్నాయి. రెండో మాట జీ6పీడీ. ఇది అంతగా వినిపించదు. కానీ మలేరియా ఉన్న చోట వినిపించాల్సిన మాట.

ఈ రెండూ మ్యుటేషన్ల వల్ల వచ్చేవే. డీఎన్ఏలో ఒక్క అక్షరం మారుతుంది, దాంతో ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. ఇప్పుడు మన ఫోన్‌లోనే ఏఐ ఉంది. ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించినందుకు 2024లో కెమిస్ట్రీ నోబెల్ కూడా ఇచ్చారు. అలాంటప్పుడు రక్తం తీయడం ఎందుకు, మ్యుటేషన్ పేరు కొడితే ప్రోటీన్ పాడయిందో లేదో కంప్యూటర్ చెప్పేయదా? చాలామందికి వచ్చే డౌటే ఇది. నేను ఎంపీసీ బ్యాచ్, బీటెక్, ఆ తర్వాత నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్. నాకైతే ఇది అచ్చంగా టెస్టింగ్ ప్రశ్నలా కనిపించింది. అందుకే ఆ కోణంలోనే చెప్తా.

ముందు స్టెబిలిటీ అంటే ఏంటో చూద్దాం. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. అది తనంతట తాను ఒక పద్ధతిగా మడతపడితేనే పని చేస్తుంది. కోడిగుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది కదా, అక్కడ జరిగేది మడతలు విప్పుకుని, విప్పుకున్న దండలన్నీ ఒకదానికొకటి చిక్కుపడిపోవడమే. మామూలు ఒంటి వేడిలో కూడా ప్రతి ప్రోటీన్‌లో కొన్ని అణువులు విప్పుకుని, మళ్లీ మడతపడుతూ ఉంటాయి. మడతలో ఉన్నవెన్ని, విప్పుకున్నవెన్ని అనే లెక్కే స్టెబిలిటీ. దాన్ని కిలోక్యాలరీల్లో చెప్తారు. మ్యుటేషన్ వల్ల ఆ లెక్క ఎంత మారిందో చెప్పే అంకెని డెల్టా డెల్టా జీ అంటారు. పేరు చూసి భయపడొద్దు, పాత బ్యాలెన్స్‌కీ కొత్త బ్యాలెన్స్‌కీ తేడా, అంతే.

ఈ అంకెలు చిన్నగా కనిపిస్తాయి గానీ చాలా పదునైనవి. ఉదాహరణకి ఒక ప్రోటీన్ స్టెబిలిటీ 5 కిలోక్యాలరీలు అనుకోండి. అంటే ఒంటి వేడిలో మూడు వేల అణువుల్లో దాదాపు ఒకటే విప్పుకుని ఉంటుంది. మ్యుటేషన్ వచ్చి 3 తగ్గించింది, మిగిలింది 2. ఇప్పుడు విప్పుకున్నవి నూటికి నాలుగు. ఫర్వాలేదు, బండి నడుస్తుంది. అదే మ్యుటేషన్ 3 బదులు 4 తగ్గించి ఉంటే? మిగిలేది 1. విప్పుకున్నవి నూటికి పదహారు. కణం చెత్త ఏరిపారేసినట్టు వాటిని ఏరిపారేస్తుంది, ప్రోటీన్ కొరత మొదలవుతుంది. కంప్యూటర్ చెప్పిన అంకెలో ఒక్క కిలోక్యాలరీ తేడా వస్తే, అసలు విషయంలో అది అయిదు రెట్ల తేడా.

మరి ల్యాబ్‌లో ఎలా కొలుస్తారు? ప్రోటీన్‌ని కొంచెం కొంచెంగా వేడి చేస్తారు, లేదంటే యూరియా కలుపుతూ పోతారు. ఎక్కడ విప్పుకుంటుందో చూస్తారు. మడత విప్పుకుంటే మెరిసే ఒక రంగు కలిపి, కోవిడ్ టైమ్‌లో మనందరికీ తెలిసిన ఆర్‌టీపీసీఆర్ మెషిన్‌లోనే పెట్టి కూడా ఇది చూడొచ్చు. ఇంకా సింపుల్ పద్ధతి కూడా ఉంది. హీమోగ్లోబిన్‌కి ఐసోప్రొపనాల్ కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మామూలు హీమోగ్లోబిన్ అరగంట దాకా తేటగా ఉంటుంది. అస్థిరమైన మ్యూటెంట్ అయితే కొద్ది నిమిషాల్లోనే పాలు విరిగినట్టు విరుగుతుంది. హీమోగ్లోబిన్ కొలోన్ అనేది అలాంటి మ్యూటెంటే. బీటా గొలుసులో 98వ చోట వేలిన్ పోయి మెథియోనిన్ వచ్చింది. ఆ చోటు ప్రోటీన్ లోపలి భాగంలో, హీమ్ పక్కన ఉంటుంది. లోపల ఇరుకుగా సర్దిన చోట ఒక ముక్క మారిస్తే మడత దెబ్బతింటుందని కంప్యూటర్ లెక్కలు బాగానే పట్టుకుంటాయి. ఈ రకం కేసుల్లో కంప్యూటర్‌కి మంచి మార్కులే పడతాయి.

మార్కులు అన్నాం కదా, ఎవరు వేస్తారు ఆ మార్కులు? ల్యాబ్‌లో కొలిచిన అంకెలన్నీ ఒక చోట చేర్చిన డేటాబేస్ ఉంది, ప్రోథెర్మ్ అని. 1990ల చివర్లో జపాన్‌లో మొదలైంది. దాని వెనకున్న ముఖ్యుల్లో ఒకరు మైఖేల్ గ్రోమిహా, ఇప్పుడు ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లందరూ ఏదో ఒక దశలో ఈ డేటా మీద ఆధారపడ్డవాళ్లే. 2009లో పొటపోవ్, కోహెన్, ష్రైబర్ అనే ముగ్గురు అప్పటి ప్రోగ్రాములు ఆరింటిని తీసుకుని, రెండు వేలకు పైగా మ్యుటేషన్ల మీద పరీక్ష పెట్టారు. ఊహించిన అంకెకీ కొలిచిన అంకెకీ మధ్య పొంతన, అంటే కోరిలేషన్, అన్నిటికన్నా మంచిదానికి 0.59, అన్నిటికన్నా చెత్తదానికి 0.26 వచ్చింది. పూర్తిగా కలిస్తే 1 రావాలి. సగటున బాగున్నాయి గానీ వివరాల్లోకి వెళ్తే లేవు అన్నది వాళ్ల తీర్పు. పేపర్ టైటిల్‌లోనే ఆ మాట పెట్టారు, నాకు అది బాగా నచ్చింది.

తర్వాత వచ్చిన ప్రోగ్రాములు ఇంకా మంచి స్కోర్లు చూపించాయి. ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. క్వశ్చన్ పేపర్ ముందే లీకైన ఎగ్జామ్‌లో వచ్చిన ర్యాంకుకి విలువ ఉంటుందా? ఒకే ప్రోటీన్‌కి సంబంధించిన మ్యుటేషన్లలో సగం ట్రైనింగ్‌లో వాడి, మిగతా సగం మీద టెస్ట్ పెడితే జరిగేది అదే. పైగా ఆ డేటాలో ఎక్కువ మ్యుటేషన్లు ప్రోటీన్‌ని బలహీనం చేసేవే. కాబట్టి ఏది అడిగినా "కొంచెం పాడవుతుంది" అని చెప్పే బద్ధకపు ప్రోగ్రామ్ కూడా పాసైపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక చక్కటి చెక్ ఉంది. అలనిన్‌ని గ్లైసిన్ చేస్తే 1 తగ్గితే, ఆ గ్లైసిన్‌ని తిరిగి అలనిన్ చేస్తే సరిగ్గా 1 పెరగాలి. పాపికొండలు ఎక్కినంత ఎత్తే దిగాలి కదా. చాలా ప్రోగ్రాములు ఈ చెక్‌లో తడబడ్డాయి. ఎక్కేటప్పుడు ఒక ఎత్తు, దిగేటప్పుడు ఇంకో ఎత్తు చెప్పాయి.

కొలిచిన అంకెలు మాత్రం దేవుడి వాక్కు కాదు. ఒకే మ్యుటేషన్‌ని రెండు ల్యాబులు వేరే వేరే ఉష్ణోగ్రత, వేరే పీహెచ్ దగ్గర కొలిస్తే అంకెలు కలవవు. ఇంకో తలనొప్పి ఏంటంటే, కొందరు నష్టాన్ని ప్లస్‌తో రాస్తారు, కొందరు మైనస్‌తో రాస్తారు. రెండు ఫైళ్లు చూసుకోకుండా కలిపేస్తే మొత్తం లెక్క తలకిందులు. ఎక్సెల్ షీట్లతో పనిచేసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

డేటా కొరత 2023లో కొంత తీరింది. కోటారో సుబోయామా, గేబ్రియల్ రాక్లిన్ వాళ్ల బృందం ఒకేసారి లక్షల మ్యూటెంట్లని కొలిచే పద్ధతి కనిపెట్టి, 7,76,000 దాకా నమ్మదగిన కొలతలు నేచర్ పత్రికలో ఇచ్చింది. నిజంగా గొప్ప పని. కానీ అవన్నీ చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు, 40 నుంచి 72 అమైనో ఆమ్లాల సైజు. మన జీ6పీడీలో 515 ఉంటాయి. హీమోగ్లోబిన్ నాలుగు గొలుసులు కలిసిన ముఠా. మన అడవి బోర్డర్‌లో జనాన్ని ఇబ్బంది పెట్టే రెండు ప్రోటీన్లూ ఆ పెద్ద డేటా సైజులో పట్టవన్నమాట.

ఇప్పుడు ఆ రెండిటి దగ్గరికి వద్దాం. ముందు సికిల్ సెల్.

హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. ఆరో చోట గ్లుటామిక్ యాసిడ్ పోయి వేలిన్ వచ్చింది. డీఎన్ఏలో జీఏజీ కాస్తా జీటీజీ అయింది, ఒక్క అక్షరం. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఈ హీమోగ్లోబిన్‌కి విద్యుత్ ఆవేశం తేడాగా ఉందని చూపించింది. 1956, 57ల్లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ ఒక్క మార్పు ఎక్కడుందో పట్టుకున్నాడు. మన దేశంలో దీన్ని మొదట చూసింది 1952లో నీలగిరి కొండల్లో.

ఆ ఆరో చోటు ఎక్కడుంటుందో తెలుసా? ప్రోటీన్ బయటి తలం మీద. లోపలి మడతలతో దానికి పెద్దగా సంబంధం లేదు. అందుకే స్టెబిలిటీ కోణంలో చూస్తే ఇది దాదాపు ఏమీ కాని మార్పు. ప్రోటీన్ మడతపడుతుంది, ఆక్సిజన్ పట్టుకుంటుంది, వదులుతుంది. మడత విప్పుకుంటుందా అని అడిగే ప్రోగ్రామ్ "పెద్దగా నష్టం లేదు" అంటే అది అబద్ధం చెప్పినట్టు కాదు. అడిగిన ప్రశ్నకి సరైన జవాబే చెప్పింది. కానీ ఆక్సిజన్ వదిలేసిన తర్వాత, ఆ వేలిన్ పక్క హీమోగ్లోబిన్ అణువులో ఉన్న ఒక గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. ఆ గుంట 85, 88 చోట్ల ఉన్న ఫినైల్ అలనిన్, ల్యూసిన్‌ల దగ్గర ఉంటుంది. ఒకటి ఇంకోదానికి తగులుకుని, అది మరోదానికి తగులుకుని పొడుగాటి తాళ్లు తయారవుతాయి. ఎర్ర రక్త కణం కొడవలిలా వంగిపోయి చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. పిల్లలకి కీళ్లు, ఎముకలు, కడుపు భరించలేనంత నొప్పి పుట్టేది అందుకే.

సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్ట్ పాస్, ఇంటిగ్రేషన్‌లో క్రాష్. ఒక్క అణువుని పెట్టి చూస్తే బగ్ కనిపించదు. రెండో అణువు పక్కన చేరితేనే కనిపిస్తుంది. కంప్యూటర్‌కి ఇచ్చిన ఇన్‌పుట్ ఫైల్‌లో ఆ రెండో అణువే లేదు.

ఇప్పుడు ఊళ్లో క్యాంప్‌లో ఏం చేస్తారో చూడండి. వేలు మీద ఒక్క చుక్క రక్తం తీసి ఒక ద్రావణంలో కలుపుతారు. ఆ ద్రావణం ఆక్సిజన్‌ని లాగేస్తుంది. సికిల్ హీమోగ్లోబిన్ ఉంటే కరగకుండా మడ్డిగా అవుతుంది, ట్యూబ్ వెనక పెట్టిన గీతలు కనపడవు. దీన్నే సాల్యుబిలిటీ టెస్ట్ అంటారు. సూపర్ కంప్యూటర్ అడగని ప్రశ్నని ఈ చవక టెస్ట్ నేరుగా అడుగుతోంది: ఆక్సిజన్ తీసేస్తే అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయా, లేదా? దీనికీ పరిమితి ఉంది. క్యారియరా, జబ్బు మనిషా అనేది ఇది విడదీసి చెప్పదు. దానికి హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయాలి. ఆరు నెలలలోపు పసిపిల్లల్లో ఇంకా పుట్టుకనాటి హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాళ్లలో దీన్ని నమ్మకూడదు.

రెండోది జీ6పీడీ. నా లెక్కలో అసలు ఆసక్తికరమైన కథ ఇదే.

ఇదొక ఎంజైమ్. ఎర్ర రక్త కణాన్ని ఆక్సిడేషన్ దెబ్బ నుంచి కాపాడుతుంది. అది చాలినంత లేనివాళ్లు మామూలుగా బాగానే ఉంటారు. చాలామందికి తమకి ఇది ఉందని కూడా తెలియదు. కానీ కొన్ని మందులు పడవు. అందులో ముఖ్యమైనది ప్రైమాక్విన్. వైవాక్స్ మలేరియా వస్తే, కాలేయంలో దాక్కున్న పరాన్నజీవిని చంపడానికి 14 రోజులు వాడే మందు. ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి ఇది ఇస్తే ఎర్ర కణాలు పగిలిపోయి, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారి, మనిషి పాలిపోతాడు. దీనికి కారణం ఈ ఎంజైమ్ లోపమేనని 1956లో అమెరికాలో తేలింది. జైల్లో ఖైదీల మీద చేసిన ప్రయోగాల్లోంచి వచ్చిన జ్ఞానం అది. ఆ చరిత్ర ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా ఉంది.

మలేరియా ఎక్కువున్న చోటే ఈ లోపమూ ఎక్కువ. సికిల్ జీన్ ఒక్కటే ఉన్నవాళ్లకి మలేరియా నుంచి కొంత రక్షణ ఉన్నట్టే, దీనికీ అలాంటి సంబంధమే ఉంది. అంటే ఏ అడవిలో ఆ మందు ఎక్కువ అవసరమో, ఆ అడవిలోనే ఆ మందు పడనివాళ్లూ ఎక్కువ.

1995లో ఒక అంతర్జాతీయ బృందం మన దేశంలో రకరకాల సమూహాల్ని పరీక్షించింది. ఈ లోపం 3 నుంచి 15 శాతం దాకా కనిపించింది. నగరాల్లో ఎక్కువగా ఉన్నది మెడిటరేనియన్ అనే రకం. గిరిజన సమూహాల్లో మాత్రం అప్పటిదాకా ఎవరూ చూడని కొత్త రకం దొరికింది. దానికి జీ6పీడీ ఒరిస్సా అని పేరు పెట్టారు. ఒడిశాలోని మల్కనగిరి మన చింతూరుకి ఎంత దూరమో తెలుసుగా, అడవికి రాష్ట్రాల బోర్డర్లు తెలియవు.

ఒరిస్సా రకంలో 44వ చోట అలనిన్ పోయి గ్లైసిన్ వచ్చింది. ఇది చాలా చిన్న మార్పు, ఒక మిథైల్ గుంపు పోయిందంతే. వేరే ప్రోటీన్లలో, మెలితిరిగిన హెలిక్స్ భాగాల్లో ఇలాంటి మార్పుకి కొలిచిన నష్టం సుమారు ఒక కిలోక్యాలరీ. స్టెబిలిటీ ఒక్కటే చూస్తే కంగారు పడాల్సిన కేసులా అనిపించదు. కానీ ఆ 44వ చోటు ఎన్ఏడీపీ అనే సహాయక అణువుని పట్టుకునే జాగాలో ఉంది. ల్యాబ్‌లో కొలిస్తే, ఎంజైమ్ సగం వేగంతో పని చేయడానికి మామూలుగా కావాల్సిన దానికన్నా అయిదు రెట్లు ఎక్కువ ఎన్ఏడీపీ కావాల్సి వచ్చింది. గొడ్డలి విరగలేదు, పిడి జారుతోంది. గొడ్డలి గట్టిగా ఉందా అని మాత్రమే చూసే ప్రోగ్రామ్‌కి పిడి సంగతి కనపడదు.

మరి స్టెబిలిటీకి ఇక్కడ పనే లేదా అంటే, చాలా ఉంది. ఎర్ర కణానికి కేంద్రకం ఉండదు, కొత్త ప్రోటీన్ తయారు చేసుకోలేదు. పుట్టినప్పుడు కట్టుకొచ్చిన సద్దితోనే 120 రోజులు బతకాలి. 1968లో పియోమెల్లి బృందం ఎర్ర కణాల్ని వయసు ప్రకారం వేరుచేసి, లోపల ఎంజైమ్ ఎంత వేగంగా తరిగిపోతోందో కొలిచింది. మామూలు ఎంజైమ్ సగానికి తగ్గడానికి 62 రోజులు పట్టింది. ఆఫ్రికాలో కనిపించే ఏ మైనస్ రకానికి 13 రోజులు. మెడిటరేనియన్ రకానికి కొన్ని గంటలే. ట్యూబ్‌లో కాదు, మనిషి రక్తంలో కొలిచిన స్టెబిలిటీ ఇది. ప్రోగ్రామ్ ఇచ్చే ఒక్క డెల్టా డెల్టా జీ అంకెలోంచి ఈ రోజుల లెక్కని నేరుగా తీయలేం. ఎందుకంటే కణం లోపల ఎన్ఏడీపీ ఎంత ఉంది, ఎంజైమ్ జంటలుగా కట్టుకుందా, చెత్త ఏరే వ్యవస్థ ఎంత చురుగ్గా ఉంది అన్నవి కూడా ఆ రోజుల్ని నిర్ణయిస్తాయి.

ఇంత తేడా ఉన్నా కంప్యూటర్ లెక్క దండగ అని నేను అనను. వెయ్యి మ్యుటేషన్లుంటే ల్యాబ్‌లో ముందుగా ఏ ఇరవై చూడాలో ఎంచుకోవడానికి అది బంగారం లాంటిది. సగటు మీద పనిచేసే పనులన్నిటికీ పనికొస్తుంది. కానీ భద్రాచలం ఆస్పత్రిలో జ్వరంతో కూర్చున్న మనిషి సగటు కాదు, ఒక్కరు. ఆయనకి ఈ రోజు ప్రైమాక్విన్ మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆయన రక్తంలో ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలిచి చెప్పాల్సిన మాట. లోపం ఉందని తేలినా దారి మూసుకుపోదు. డాక్టర్ పర్యవేక్షణలో వారానికి ఒక్కసారి చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కాబట్టి ఈ వీడియో చూసి ఎవరూ మలేరియా మందు మానేయొద్దు, టెస్ట్ అడగండి.

ఆ టెస్ట్‌లో కూడా ఒక మెలిక ఉంది, పియోమెల్లి లెక్క అర్థమైతే ఇది ఇట్టే అర్థమవుతుంది. మందు పడక ఎర్ర కణాలు పగిలినప్పుడు ముందు పోయేవి ఎంజైమ్ తరిగిపోయిన ముసలి కణాలు. మిగిలేవీ, కొత్తగా వచ్చేవీ పడుచు కణాలు, వాటిలో ఎంజైమ్ ఇంకా నిండుగా ఉంటుంది. ఆ వారంలో టెస్ట్ చేస్తే లోపం ఉన్నవాళ్లకి కూడా నార్మల్ అని వచ్చే అవకాశం ఉంది. ఆడవాళ్లలో ఇంకో చిక్కు. ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి, ఒక కాపీ మాత్రమే మారినవాళ్లలో సగం కణాలు మంచివి, సగం లోపం ఉన్నవి అన్నట్టు కలిసి ఉండొచ్చు. ఉంది, లేదు అని మాత్రమే చెప్పే టెస్ట్ వాళ్లని వదిలేయొచ్చు. అంకె ఇచ్చే టెస్ట్ కావాలి. ఇంట్లో ఎవరికైనా మలేరియా మందు వేసుకున్నాక మూత్రం నల్లబడి ఉంటే, అప్పుడు చేసిన టెస్ట్ నార్మల్ వచ్చినా సరే, రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చేయించమని పీహెచ్‌సీ డాక్టర్‌ని అడగండి. ఏ మందు వేసుకున్నాక అలా అయిందో ఆ చీటీ పారేయకుండా దాచి, వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.